లెక్క అడగని మూడు వేలు

2025 జూన్ 1, ఆదివారం

నిన్న రాత్రి గొడుగు కోసం నా హ్యాండ్‌బ్యాగు తెరిచిన మా ఆయనకు, గొడుగుతో పాటు ఒక ఖాళీ కొరియర్ కవరు దొరికింది. దాని మీదున్న అడ్రసు విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంటిది కాదు, సూర్యారావుపేటలో నేను పనిచేసే ల్యాబ్‌ది. "ఇంటికి తెప్పించుకోలేదేం?" అన్నారు. "పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కదా" అన్నాను. ఇంట్లో అత్తయ్య రోజంతా ఉంటుంది. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

కవర్లో వచ్చింది 349 రూపాయల బుట్టకమ్మలు.

కాసేపటికి ఆయన లేచి వెళ్ళి ఆఫీసు బూట్లు పట్టుకొచ్చారు. ఏప్రిల్‌లో కొన్నవి. నాకు 1,400 అని చెప్పారు. అసలు ధర 2,650 అట. సగానికి సగం తగ్గించి చెప్పే జబ్బు నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇదంతా పోయినేడు వరద తర్వాత మొదలైంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మేం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, ఆయన బండి అన్నీ పోయాయి. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్ళకు ఇచ్చిన 25,000 ఫ్రిజ్‌కీ పరుపులకీ సరిపోయాయి. మిగతాది మా పొదుపులోంచి. పొదుపు అయిపోయాక ఇంట్లో ఒక మాట చేరింది: "ఇప్పుడది అవసరమా?" ఎవరు ఏం తెచ్చుకున్నా ఇంకొకరు అదే అడగడం. కొన్నాళ్ళకు అడిగించుకోవడం ఇష్టం లేక దాచడం.

అందుకని ఒక ప్రయోగం. నెలకు ఇద్దరికీ చెరికొంత. ఆ డబ్బుకు లెక్క అడగకూడదు, చెప్పక్కర్లేదు. పాకెట్ మనీ అందాం అన్నారాయన. అది పిల్లలకిచ్చేది, నాకెవరూ ఇవ్వడం లేదు, నేనూ సంపాదిస్తున్నాను అన్నాను. అత్తయ్య వంటింట్లోంచి "చేతి ఖర్చు అంటార్రా దాన్ని" అంది. పేరు కుదిరింది. ఎంత అనేది మాత్రం ఇంకా తేలలేదు. ముందు ఈ నెలంతా ఏమీ మార్చకుండా రాసుకోవాలని ఒప్పందం. ఇంటి ఖర్చు కాకుండా ఎవరికి వారు పెట్టుకునేది మాత్రమే.

జూన్ 13

రాయడం కష్టం కాదు, రాసినదాన్ని చూసుకోవడం కష్టం. ఆయన మందుల కంపెనీలో రెప్. రోజంతా డాక్టర్ల గదుల ముందు ఎదురుచూపులే. టీ, టిఫిను కలిపి నెలకు ఆరు వందలుంటుందని మొదటి రోజు అంచనా వేసి పుస్తకం పై పేజీలో రాశారు. ఇవాళ్టికే 810 దాటింది. పై పేజీలోని ఆరు వందలను కొట్టేద్దామని పెన్ను తీస్తే నేనే ఆపాను. ఉండనివ్వండి, చూడ్డానికి బాగుంది.

జూన్ 29, ఆదివారం

నెల లెక్క. ఆయనది 3,870. అందులో టీలు, పునుగులు, మధ్యాహ్నం డబ్బా ఇంటిదే అయినా సాయంత్రం తినే బజ్జీలు కలిపి 1,940. మిగతాది స్నేహితులతో బిర్యానీ, ఎవరికో ఇచ్చిన ఐదొందల చేబదులు, ఫోను కవరు, ఇలాంటివి.

నాది 2,610. ఆన్‌లైన్‌లో కొన్నవి 1,240, ల్యాబ్‌లో తినేవి 600, పార్లర్ 350. ఇంకో 420 ఏమిటని చూస్తే ఆటోలు. పొద్దున పది నిమిషాలు ఆలస్యంగా లేచిన రోజుల ఖరీదు అది.

ఇద్దరికీ కలిపి 6,480. ఇంతవుతుందని ఇద్దరికీ తెలియదు. తక్కువగా ఖర్చు పెట్టేది నేనే అని తేలినందుకు లోపల కాస్త సంతోషపడ్డాను. రాస్తున్నామని తెలిసి ఈ నెల నేను తగ్గించుకున్నానని ఆయనకు తెలియదు.

జూన్ 30

రాత్రి పాప పడుకున్నాక కూర్చున్నాం. చేతికొచ్చేది ఆయనకు 43,000, నాకు 24,000. మొత్తం 67,000. అద్దె, మెయింటెనెన్సు 13,500. స్కూలు ఫీజుకు నెలనెలా తీసిపెట్టేది 4,500. కిరాణా, కూరలు, పాలు 11,600. కరెంటు, ఫోన్లు, నెట్ 3,100. కొత్త బండి వాయిదా 3,400, పెట్రోలు 2,500, నా బస్సు 1,000. అత్తయ్య మందులు 1,800. బీమా ప్రీమియాలకు 3,500. చీటీ 5,000, నెలనెలా జమచేసే ఆర్డీ 5,000, మా అమ్మావాళ్ళకు 2,000. ఇవి పోగా 10,100 ఉన్నాయి. పెళ్ళిళ్ళు, పేరంటాలు, బయట తిండి, జ్వరాలకూ దగ్గులకూ 4,100 పక్కన పెడితే మిగిలింది సరిగ్గా ఆరు వేలు.

ఇక్కడి దాకా బాగానే నడిచింది. ఆరు వేలను ఎలా పంచాలన్న దగ్గర ఆగింది. ఆయన ఫోనులో లెక్క వేసి చూపించారు. జీతాల ప్రకారమైతే ఆయనకు 3,850, నాకు 2,150. "న్యాయం అదే కదా" అన్నారు. అమ్మకాల్లో ఉన్న మనిషి, ఎవరెంత తెస్తే వారికంత అన్న ఇన్సెంటివ్ లెక్క తలలో ఉంది. కోపం వచ్చింది కానీ ఆపుకుని, "సరే, అయితే వంట కూడా అలాగే చేద్దాం. జీతం తక్కువ కాబట్టి నేను తక్కువ వండుతాను. వారానికి నాలుగున్నర రోజులు మీరు, రెండున్నర రోజులు నేను" అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. అద్దె, ఫీజు, చీటీ ఇవన్నీ ఇద్దరి డబ్బూ కలిపేశాకే కదా కడుతున్నాం, అక్కడ నాది నీది లేనప్పుడు చివర మిగిలిన ఆరు వేల దగ్గరే ఎందుకొచ్చింది అన్నది నా ప్రశ్న. పది నిమిషాలు ఫ్యాను చప్పుడు విన్నాం.

చెరి మూడు వేలు. పుస్తకంలో ఆయన చేత్తోనే రాశారు. జూన్ లెక్కతో పోలిస్తే ఆయనకు 870 తగ్గింది, నాకు 390 పెరిగింది. ఆ సంగతి ఆయన గమనించారు, నేను గమనించనట్టు ఉన్నాను.

రూల్స్ మూడే పెట్టుకున్నాం. ఒకటి, "ఎంత?" అని అడగకూడదు. రెండు, మిగిలితే ఎవరిది వారిదే, వచ్చే నెలకు కలుపుకోవచ్చు. మూడు, అయిపోతే వచ్చే నెల డబ్బు ముందే వాడకూడదు.

జులై 17

మొదటి దెబ్బ. నేను నా జీతంలో మూడు వేలు ఉంచుకుని మిగతా 21,000 ఆయన ఖాతాకు పంపాను. కాబట్టి నా ఖాతాలో ఉన్నదంతా నా చేతి ఖర్చే. ఆయన ఖాతాలో మాత్రం అద్దె డబ్బు, పాల డబ్బు, బజ్జీల డబ్బు అన్నీ ఒకే కుండలో ఉన్నాయి. పది రూపాయల టీకి స్కాన్ చేసినప్పుడు అది ఏ డబ్బో ఫోనుకు తెలియదు కదా. ఇవాళ కూర్చుని కూడితే 3,140. పదిహేడో తేదీకే అయిపోయింది. పైగా 140 ఇంటి డబ్బు తినేశారు.

దీనికి మందు ల్యాబ్‌లో నాతో పనిచేసే అమ్మాయి చెప్పింది. యూపీఐ లైట్. బ్యాంకు ఖాతాలోంచి కొంత డబ్బు ముందే అందులో వేసుకుంటే పిన్ కొట్టకుండా చిన్న చిన్న చెల్లింపులు చేసుకోవచ్చు. ఒకసారికి వెయ్యి దాకా, అందులో ఉంచుకోగలిగేది ఐదు వేల దాకా. మాకు కావలసింది మూడు వేలే. ఒకటో తేదీన మూడు వేలు వేసుకోవడం, అయిపోతే అయిపోయినట్టే. ఇంకో సుగుణం కూడా ఉంది. పాస్‌బుక్కులో వేసుకున్న మొత్తం ఒక్కటే పడుతుంది, ఒక్కో టీ ఒక్కో బజ్జీ విడిగా కనపడవు. ఇంటి ఖర్చు లెక్క చూడ్డానికి స్టేట్‌మెంట్ తెరిచినప్పుడు ఆయన బజ్జీలు నా కంట్లో పడవు. చూశాక అడగకుండా ఉండటం కంటే అసలు కనపడకపోవడం తేలిక.

జులై 20, ఆదివారం

ఆషాఢం అయిపోవస్తోంది, వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో కాలు పెట్టే చోటు లేదు. పిన్ని కూతురి ఫంక్షన్‌కు పెట్టడానికి చీర కొనాలి, అది ఫంక్షన్ల డబ్బులోంచి. కొన్నాను. పక్కనే వంకాయ రంగు చీర, మస్టర్డ్ అంచు. అదీ కొన్నాను, 1,150. నా దగ్గర మిగిలింది 600. రెండూ ఫంక్షన్ల పద్దులోనే రాశాను.

ఇక్కడ రాసుకుంటున్నాను కాబట్టి ఇంకా దొంగతనం పూర్తి కాలేదని అనుకుంటున్నాను.

జులై 27, ఆదివారం

నా మూడు వేలు ఎటు పోయాయో చూసుకుంటే ఒక విచిత్రం. పాపకు క్లిప్పులు, రంగు పెన్సిళ్ళు, స్కూల్లో ఎవరిదో పుట్టినరోజుకు బహుమతి, వచ్చేదారిలో జామకాయలు, ఒకరోజు కొత్తిమీర. పాపకూ ఇంటికీ కలిపి 1,100 దాకా నా చేతి ఖర్చులోంచే పోయాయి. ఆయన మూడు వేలలో పాప వాటా ఒక ఐస్‌క్రీము.

ఇది ఆయన తప్పు కాదు, అలవాటు నాది. బ్యాగులో ఉన్న డబ్బు ఇంటిదే అన్న అలవాటు. మా అమ్మకు జాకెట్టు కుట్టించుకోవడానికి నాన్న ఇచ్చిన డబ్బుతో మాకు చెప్పులు వచ్చేవి. అందుకని ఆయనే కొత్త రూలు పెట్టారు: "నీ డబ్బుతో కొత్తిమీర కొనకు. కొంటే ఆదివారం పుస్తకంలో రాసి ఇంటి డబ్బులోంచి తీసుకో." మొదటిసారి ఆయన పెట్టిన రూలు నాకు నచ్చింది. కానీ ఇంటి డబ్బంతా ఆయన ఖాతాలో ఉంటే ప్రతి కొత్తిమీర కట్టకూ ఆయన్నే అడగాలి. ఉమ్మడి ఖాతా తెరవాల్సిందే.

ఈ మాటలన్నీ వింటూ అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే, "మరి నా చేతి ఖర్చు సంగతేంట్రా?" అంది.

ఇద్దరికీ నోట మాట లేదు. పుస్తకంలో అత్తయ్య పేరు ఒక్క చోటే ఉంది. మందులు, 1,800.

ఆగస్టు 2

ఎస్‌బీఐలో ఉమ్మడి ఖాతా తెరిచాం. అక్కడ పొదుపు ఖాతాలో కనీస నిల్వ లేకపోతే జరిమానా అన్నది 2020లోనే తీసేశారు. నెలాఖరుకు మా ఇంటి ఖాతా ఎలాగూ అడుగంటుతుంది కాబట్టి ఇది ముఖ్యం. ఫారంలో "ఈదర్ ఆర్ సర్వైవర్" పెట్టాం. ఇద్దరిలో ఎవరైనా ఒక్క సంతకంతో తీయొచ్చు, ఒకరు లేకపోతే రెండోవారికి చెందుతుంది. ఆ రెండో సగం చదివి ఆయన "ఇప్పుడే ఎందుకులే" అని మొహం పెట్టారు. కౌంటర్లో ఉన్నావిడ అందరూ ఇదే పెట్టుకుంటారండీ అంది.

పక్కింటి అన్నయ్య ఇలా భార్యాభర్తలు డబ్బు అటూ ఇటూ పంపుకుంటే పన్ను పడుతుందని భయపెట్టాడు. భర్త భార్యకిచ్చినదాని మీద ఆమెకు పన్నేమీ లేదు. ఆ డబ్బును ఎక్కడైనా పెట్టుబడి పెడితే వచ్చే రాబడి ఇచ్చినవారి ఆదాయంలో కలుస్తుంది, అంతే. బజ్జీల మీద రాబడి రాదు కాబట్టి మాకు దిగుల్లేదు.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

పండక్కి కొన్న చీర ఎవరి ఖాతాలోది? ఇది నిన్నటి నుంచి నడుస్తున్న కేసు. నా వాదన, పూజ నాకోసం చేస్తున్నానా, ఇంటికోసమే కదా. ఆయన వాదన, కట్టుకునేది నువ్వే కదా. అత్తయ్య తీర్పు: "పండగ చీర ఇంటిది. ఊరికే మనసు పడి కొన్నది మనిషిది." ఇద్దరం ఒప్పుకున్నాం. ఆ రెండో వాక్యం వినగానే వంకాయ రంగు చీర గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

తాంబూలాలు పంచాక రాత్రి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు, పుస్తకం తెచ్చి ఫంక్షన్ల పద్దులో 1,150 కొట్టేశారు. తర్వాత జులై పెట్రోలు పద్దు దగ్గరకొచ్చి అందులో 300 కొట్టేశారు. ఏంటని అడగబోయి రూలు గుర్తొచ్చి ఊరుకున్నాను. నా 1,150 లో జులైలో మిగిలిన 600 పోగా మిగతా 550 ఈ నెల చేతి ఖర్చులోంచి పోతుంది.

ఇలాంటి కేసులు ఇంకా చాలా వచ్చాయి. ఆయన క్షవరం 150, నా పార్లర్ 350. క్షవరం అవసరం, పార్లర్ సరదా అంటారు. ఉద్యోగానికి తప్పనిది ఇంటిది అనుకున్నాం. అలాగైతే ఆయన ఇన్‌షర్టు చొక్కాలు, నా ల్యాబ్ చెప్పులు ఇంటివి. క్షవరం ఇంటిది, కనుబొమ్మలు ఇంటివి, ఫేషియల్ నాది. మరి గడ్డం ట్రిమ్మింగ్? ఆయనదేనని నేను గెలిచాను. ఒకరికొకరు కొనిపెట్టే బహుమతులు ఎవరి చేతి ఖర్చులోంచి వారివే. ఇంటి డబ్బుతో కొని "నీకోసం తెచ్చాను" అంటే చెల్లదు.

ఆగస్టు 10, ఆదివారం

అత్తయ్య సంగతి తేల్చాలి. మా ఇద్దరి మూడు వేలల్లో చెరి 500 తగ్గించి ఆమెకు వెయ్యి ఇవ్వాలని జులై చివర్లోనే అనుకున్నాం, ఈ నెల అలాగే చేశాం కూడా. ఆయన అక్కడితో ఆగకుండా అమ్మకు యూపీఐ సర్కిల్ పెడతానన్నారు. మన ఖాతాలోంచి ఇంకొకరు తమ ఫోనుతో చెల్లించుకునేలా అనుమతించే ఏర్పాటు అది. నెలకు 15,000 దాకా, ఒక్కో చెల్లింపుకు 5,000 దాకా పరిమితి పెట్టుకోవచ్చు. పాత స్మార్ట్‌ఫోను కూడా సిద్ధం చేశారు.

అత్తయ్య అంతా విని ఒకటే అడిగింది. "నేను కొన్నప్పుడల్లా నీ ఫోనుకు మెసేజ్ వస్తుందా?"

వస్తుందన్నారు.

"అయితే నాకు నోట్లివ్వు."

తర్వాత చెప్పిన కథ ఆయనకూ సగమే తెలుసు. 2016 నవంబరు 8 రాత్రి టీవీలో ఐదొందల, వెయ్యి నోట్లు చెల్లవని చెప్పినప్పుడు అత్తయ్య దగ్గర మినప్పప్పు డబ్బా అడుగున 23 ఐదొందల నోట్లున్నాయి. 11,500. మామయ్య ఇంటి ఖర్చుకిచ్చిన దాంట్లోంచి ఏళ్ళ తరబడి మిగిల్చింది. ఆమెకు బ్యాంకు ఖాతా లేదు. డిసెంబరు 30 లోపు ఏదో ఒక ఖాతాలో వేయాలి. మూడు రోజులు ఆలోచించి ఆ డబ్బాను మామయ్య ముందు పెట్టిందట. ఆయన తిట్టలేదు. నవ్వి, ఊళ్ళో నలుగురికీ చెప్పాడు. "మా ఆవిడ నాకంటే గొప్పది, నాకు తెలియకుండా బ్యాంకు నడిపింది" అని. ఆ నవ్వే తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుందని అంది. డబ్బు కొడుకు ఖాతాలో వేశారు. మరుసటి ఏడు మా పెళ్ళి ఖర్చుల్లో అది కలిసిపోయింది. "ఏమైంది అని నేనడగలేదు, ఏమైందో వాడు చెప్పలేదు."

ఆయన ఆ 11,500 ఇచ్చేస్తానన్నారు. "వద్దురా. పోయినవి పోయాయి. నెలనెలా ఇవ్వు, ఏం చేశావని అడక్కు."

ఈ డైరీ మొదటి రోజున నేను దాచిన కొరియర్ కవరు, ఆమె మినప్పప్పు డబ్బా ఒకటేనని ఆ రాత్రి చాలాసేపు అనిపించింది. ఆమెకైతే పార్సిల్ తెప్పించుకోవడానికి ఇంకో అడ్రసు కూడా లేదు.

ఆగస్టు 18

పదిహేనో తేదీ నుంచి ఆడవాళ్ళకు ఉచితంగా స్త్రీశక్తి బస్సులు మొదలయ్యాయి. ఇవాళ ల్యాబ్‌కు వెళ్ళేటప్పుడు కండక్టరు సున్నా రూపాయల టికెట్టు ఇచ్చాడు. బస్సు నిండా నవ్వులే, నిలబడ్డానికి చోటు లేకపోయినా. నెలకు వెయ్యి రూపాయలు మిగులుతాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ వెయ్యికి ముగ్గురు హక్కుదారులు. ఉచితం ఆడవాళ్ళకిచ్చింది కాబట్టి నాది అని నేను. బస్సు ఇంటి పద్దులో ఉంది కాబట్టి ఇంటిదని ఆయన. అత్తయ్య ఏమీ అనలేదు, కాఫీ కలిపి ఇచ్చింది.

అత్తయ్యకిద్దామని ముందు అన్నది నేనే అని ఇక్కడ రాసిపెడుతున్నాను, తర్వాత ఆయన తానే అన్నానని చెప్పుకుంటారు. సెప్టెంబరు నుంచి మా ఇద్దరికీ మళ్ళీ పూర్తి మూడు వేలు, అత్తయ్యకు బస్సు వెయ్యి.

సెప్టెంబరు 1

ఒకటో తేదీ పని ఇప్పుడు ఇలా నడుస్తోంది. జీతాలు పడగానే ఇద్దరం చెరి మూడు వేలు ఉంచుకుని మిగతాదంతా ఉమ్మడి ఖాతాకు. అక్కడి నుంచి అద్దె, చీటీ, ఆర్డీ ఐదో తేదీ లోపు వెళ్ళిపోతాయి. ఏటీఎంలో వెయ్యి తీసి అత్తయ్యకు, వంద నోట్లుగా. ఆమె లెక్కపెట్టుకోదు, చూడకుండా కొంగున ముడేసుకుంటుంది. నేనైతే లెక్కపెట్టుకునేదాన్ని.

ఫోనుల్లో ఒక చిక్కు వచ్చింది. ఒకే యాప్‌లో రెండు ఖాతాలు పెట్టుకుంటే తొందరలో ఏది ముందుంటే దాంట్లోంచే పోతోంది. రైతు బజారులో టమాటాలకు నా చేతి ఖర్చు, చెప్పులకు ఇంటి డబ్బు. ఇప్పుడు రెండు యాప్‌లు. ఇంటి ఖాతా ఒక దాంట్లో మాత్రమే, అది ఫోను మొదటి పేజీలో. చేతి ఖర్చుది రెండో పేజీలో. ఆ పేజీ తిప్పడంలోనే సగం సరదాలు ఆగిపోతున్నాయని ఆయన అన్నారు.

సెప్టెంబరు 24

ఆయన రెండు వారాలుగా బజ్జీలు మానేశారు. ఎందుకని అడగలేదు. ఇవాళ షటిల్ బ్యాట్ కొని ఇంటికొచ్చారు. గోడకు ఆనించి, నేనేమైనా అంటానేమోనని చూశారు. నా నాలుక చివరి దాకా వచ్చింది, "ఎంత?" అని. మింగేశాను. "బాగుంది" అన్నాను. మనిషి మొహం చూడాలి! ఎనిమిదేళ్ళలో ఆయన కొన్న వస్తువును నేను ధర తెలుసుకోకుండా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

ఈ ఆనందంలో ఆయన ఆ రాత్రి తనంతట తనే ధర చెప్పేశారు. ఎక్కువే.

అక్టోబరు 12, ఆదివారం

దసరా దెబ్బకు ఫంక్షన్ల పద్దు ఖాళీ. దుర్గగుడికి వచ్చిన చుట్టాలు నాలుగు రోజులున్నారు, వెళ్ళేటప్పుడు బట్టలు పెట్టాం. చేతి ఖర్చుల మీద చెయ్యి పడలేదు, అది చాలు.

ఆరోగ్య బీమా కట్టే నెల ఇది. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి పోయినేడు 21,240 కట్టింది ఈసారి 18,000 అయింది. మిగిలిన 3,240 ఫంక్షన్ల పద్దులో వేశాం. దీని మీద గొడవ జరగలేదు. గొడవ జరగకపోతే రాయడానికి కూడా ఏమీ ఉండదు.

ఆయనకు మూడు నెలల ఇన్సెంటివ్ 9,400 వచ్చింది. జూన్‌లో అయితే ఇది పెద్ద యుద్ధమయ్యేది. ఇద్దరికీ చెరి వెయ్యి, మిగతాది ఆపద డబ్బులో, మళ్ళీ బుడమేరు వస్తే అని. నా నైట్ డ్యూటీ డబ్బు వచ్చినా ఇదే పద్ధతి. "మరి అమ్మకు?" అని ఆయనే అన్నారు. మా వాటాల్లోంచి చెరి 250 అత్తయ్యకు.

నవంబరు 2, ఆదివారం

అత్తయ్య ఆ డబ్బుతో ఏం చేస్తోందో తెలియదు. రూలు ప్రకారం తెలుసుకోకూడదు కూడా. అయినా కళ్ళున్నాయి కదా. పాపకు అప్పుడప్పుడు జీళ్ళు. వీధి చివర పూలమ్మే ఆవిడకు ముందుగానే డబ్బిచ్చి నెలంతా పూలు తీసుకుంటోంది. కార్తీక వనభోజనాలకు కాలనీ వాళ్ళు మనిషికి మూడొందలు అడిగితే, నేను ఇంటి డబ్బు తీసేలోపు తన వంతు తనే ఇచ్చేసింది. అడిగిన అమ్మాయి "మీ కోడలు ఇస్తుందిలేండి" అంటే "నా డబ్బుంది" అందట. ఆ అమ్మాయే నాకు చెప్పింది.

మిగతాది ఎక్కడ పెడుతోందో మాత్రం నాకు తెలుసు. మొన్న మినప్పప్పు డబ్బా తీయబోతే "అది కాదు, పక్కది తీసుకో" అంది.

నా సంగతి. జులై నుంచి పార్సిళ్ళు ఇంటికే వస్తున్నాయి. సంఖ్య తగ్గింది. దాచేటప్పుడు ఉన్న ఊపు, గుమ్మంలో సంతకం పెట్టి తీసుకునేటప్పుడు లేదు. నా చేతి ఖర్చులో 1,700 మిగిలి ఉన్నాయి, దేనికో ఇంకా అనుకోలేదు.

ఆగకుండా నడుస్తున్న కేసు ఒకటుంది. మా తమ్ముడికి బండి రిపేరుకు రెండు వేలు ఇచ్చాను, నా మిగులులోంచే. ఆయన ఏమీ అనలేదు, కానీ రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడారు. పుట్టింటికిచ్చేది చేతి ఖర్చులోంచైనా సరే అది వేరే లెక్క అని ఆయన మొహంలో ఉంది. ఆయన స్నేహితులకు ఇచ్చే చేబదుళ్ళ మీద నా మొహంలో ఏముంటుందో ఆయన చెప్పాలి. దీనికి రూలు రాయలేదు. రాయగలమని కూడా అనుకోవడం లేదు.

నవంబరు 27

ఆయన చేతి ఖర్చు ఇరవై ఐదో తేదీకే అయిపోయింది. నన్నడగరు, నేనిస్తే వచ్చే నెల డబ్బు ముందే వాడినట్టు. సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఒక ఐదొందలుంటే ఇస్తావా, ఒకటో తారీఖున ఇచ్చేస్తాను" అన్నారు.

"ఎందుకురా?"

"అడక్కూడదమ్మా. రూలు."

అత్తయ్య పోపు వేస్తూ వెనక్కి తిరగకుండానే అంది: "అది మీ డబ్బుకు. ఇది నా డబ్బు."

షటిల్ కోర్టు ఫీజు అని చెప్పాల్సి వచ్చింది. డబ్బా దించి ఐదు వంద నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. ఈసారి లెక్కపెట్టింది. పాప చేత కేలెండరు మీద డిసెంబరు 1 గడిలో "నాన్న 500" అని రాయించింది.